పేర్లు రాసుకునే అబ్బాయి

మీ తాతకు నానమ్మ అయ్యే ఆమె పేరు నాకు తెలియదు బిడ్డా. బడిలో ఇచ్చిన ఆ వంశవృక్షం కాగితంలో ఆ గడి ఖాళీగానే ఉంచు. మార్కులు తగ్గుతాయంటే తగ్గనీ. ఏదో ఒక పేరు చెప్పెయ్ నానమ్మా అని మీ అన్న పక్క నుంచి అంటున్నాడు, వినబడింది. ఏదో ఒకటి చెప్పడం నాకు చేతకాక కాదు. ఒకసారి చెప్పాను. ఒకటి కూడా కాదు, మూడు చెప్పాను. అందుకే ఇప్పుడు చెప్పను.

ఫోను అలాగే పట్టుకుని కూర్చోండి ఇద్దరూ. ఆ మూడు పేర్లు రాసుకుని వెళ్ళిన అబ్బాయి గురించి మీకు ఎప్పుడూ చెప్పలేదు.

మన మేడ మీద గదిలో సుజాత అత్త ఉండేది, గుర్తుందా? మీ చిన్నతాత కూతురు. పళ్ళ డాక్టరు దగ్గర పనికి వెళ్ళేది. పెళ్ళికి ముందు ఆమె మార్మన్లని, అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘంలో చేరి, నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుంది. నేను ఏమీ అనలేదు. పొద్దున్నే కింద నేను దీపం పెట్టుకునేదాన్ని, పైన ఆమె ప్రార్థన చేసుకునేది. ఇద్దరికీ ఒకే మెట్లు, ఒకే నల్లా. ఆ సంఘం వాళ్ళు పెళ్ళికాని పిల్లలను రెండేళ్ళ పాటు ఇల్లు విడిపించి వేరే ఊళ్ళకు పంపుతారు, దేవుడి పని మీద. అలా మన గౌలిపురకు వచ్చి పడ్డవాడు ఈ అబ్బాయి. కాకినాడ వైపు ఏదో పల్లె. ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి.

వాళ్ళు ఒంటరిగా తిరగకూడదు. ఎప్పుడూ ఇద్దరు. ఒకరి కంటికి ఒకరు కనబడుతూ ఉండాలి. ఈ అబ్బాయి కాళ్ళు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళితే రెండోవాడు లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడేవాడు. ఆ రెండోవాడు కొన్ని వారాలకోసారి మారిపోయేవాడు. నాకు గుర్తున్నది చివరి అతనే, తమిళ పిల్లవాడు, తెలుగు అంతగా రాదు, గడప దగ్గర స్టూలు మీద బుద్ధిగా కూర్చునేవాడు. ఆడమనిషి ఒక్కతే ఉన్న ఇంట్లో కూడా వాళ్ళు కూర్చోకూడదట. అందుకని సుజాతకు పాఠాలు మన ముందుగదిలో, నా ఎదురుగానే జరిగేవి. అలా వాళ్ళ దేవుడి సంగతులన్నీ నేనూ విన్నాను, చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంటూ.

తెల్ల చొక్కా, టై, జేబు మీద ఒక నల్ల బిళ్ళ. బిళ్ళ మీద 'ఎల్డర్' అని, పక్కన ఇంటిపేరు. ఎల్డర్ అంటే పెద్ద అని సుజాత చెప్పింది. గడ్డం నున్నగా గీసుకుని, చెవుల వెనక ఇంకా చిన్నపిల్లవాడి నునుపు పోనివాడికి పెద్ద అని బిళ్ళ. నీ పేరేంది బిడ్డా అని అడిగాను. ఈ రెండేళ్ళూ ఇంటిపేరుతోనే పిలుచుకోవాలి, సొంత పేరు మళ్ళీ ఇంటికి వెళ్ళాకే అన్నాడు. నేను మళ్ళీ అడగలేదు.

మూల మీద కిరాణా కొట్టు లతీఫ్ భాయ్ మొదటిరోజే వాళ్ళను ఆపి, ఏం అమ్ముతున్నారు, బీమానా అని అడిగాడట. ఏమీ అమ్మడం లేదని అబ్బాయి చెప్పాడట. సాయంత్రం చక్కెర కోసం వెళితే లతీఫ్ భాయ్ నాతో నెమ్మదిగా అన్నాడు: "అమ్మా, మీ ఇంటికొచ్చే పోరగాండ్ల మీద జర నిగా పెట్టు. ఏం అమ్మకుంట గింత ఎండల టై కట్టుకొని ఎవడన్న తిరుగుతడా?"

ఎండలోనే వచ్చేవాడు. బస్సు పురానాపూల్ దగ్గర ఇరుక్కుపోతే దిగి నడిచి వచ్చేవారు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, ముక్కులు గోడవైపు తిప్పి, రెండూ సమానంగా పెట్టేవాడు. కుడి బూటు మడమ ఒక పక్కకు అరిగిపోయి, బూటు తనంతట తానే ఒరిగి ఉండేది. కూర్చున్నాక కళ్ళు మూసేవాడు కాదు. తెరుచుకునే నిద్రపోయేవాడు. రెండు నిమిషాలో, మూడు నిమిషాలో. ఉన్నట్టుండి "వింటున్నానండి" అనేవాడు. అప్పటికి ఎవ్వరం ఏమీ అని ఉండేవాళ్ళం కాదు.

వాళ్ళు టీ తాగరు. కాఫీ తాగరు. గడప తొక్కినవాళ్ళకు టీ పొయ్యకుండా పంపడం మన గల్లీలో ఎక్కడైనా ఉందా? మొదటిరోజు నా చేతులకు ఏం చెయ్యాలో తెలియలేదు. చివరికి మజ్జిగ ఇచ్చాను. ఒకప్పుడు పదకొండు బర్రెలు కట్టిన ఇంట్లో, ప్యాకెట్ పాలు తోడువేసి చిలికిన మజ్జిగ. దాన్ని ముందు పెట్టుకుని, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, తల వంచి ప్రార్థన చేశాడు. మనలాగా దండం పెట్టడు. బడిలో పాఠం అప్పజెప్పే పిల్లవాడు నిలబడ్డట్టు ఉంటుంది. తరవాత గటగటా తాగి, ఖాళీ గ్లాసులోకి కాసేపు చూస్తూ కూర్చున్నాడు.

"టీ వద్దని మీ దేవుడే చెప్పిండా బిడ్డా?" అని అడిగాను.

"ఆజ్ఞండి, మామ్మగారూ."

"మరి పాలు?"

"పాలు పర్లేదండి."

"గట్లయితే మా ఇంటోడే."

అప్పుడు కూడా నవ్వలేదు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. మామ్మగారూ అని ఎవరూ నన్ను అంతకు ముందు పిలవలేదు. వాళ్ళ వైపు అలా అంటారట.

లేచేటప్పుడల్లా ఒక మాట అనేవాడు, "ఇంకో ఇల్లుందండి" అని. ఆ ఇంకో ఇల్లు ఎక్కువసార్లు హుస్సేనీ ఆలం దాటాక ఉండేది. పిలవని ఇంటికి వాళ్ళు వెళ్ళరు. పిలిచినవాళ్ళే తీరా వెళ్ళాక లోపల ఉండి లేరనిపించేవాళ్ళని సుజాత చెప్పేది. టీవీ చప్పుడు బయటికి వినబడుతూ ఉంటుందట, తలుపు మాత్రం తెరవరట. సోమవారం వాళ్ళకు సెలవు. ఆ రోజు బట్టలు ఉతుక్కుని, వాళ్ళమ్మకు ఫోన్ చేసేవాడు. ఎంతమంది చేరారు నాన్నా అని వాళ్ళమ్మ అడిగితే, కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా అని మాట మార్చేవాడట. ఇది తనే చెప్పాడు, తమాషాగా చెబుదామనుకుని. చెప్పాక తమాషాగా లేదు.

ఒకరోజు అడిగాను.

"ఇయ్యాల ఎన్ని ఇండ్లు తిరిగిండ్రు?"

"నాలుగండి."

"ఎంతమంది కూసోమన్నరు?"

"మీరొక్కరేనండి."

ఆ ఏడాది ఎండాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి ఉంది, సుజాతకు డాక్టరు సెలవిచ్చాడు. అబ్బాయి సంచిలోంచి ఒక పెద్ద కాగితం తీసి నేల మీద పరిచాడు. అన్నీ గడులే. కింద సుజాత పేరు, దాని మీద అమ్మానాన్నలు, ఆ పైన తాతలూ అవ్వలూ, ఇంకా పైన వాళ్ళను కన్నవాళ్ళు, అలా పైపైకి. వాళ్ళ సంఘంలో చేరినవాళ్ళు తమ పెద్దల పేర్లన్నీ ఇలా రాసి ఇస్తారట. సుజాతకు తాత దాకానే తెలుసు. పెద్దమ్మకు తెలుస్తది అని నన్ను చూపించింది. అబ్బాయి పెన్సిలు చెక్కుకుని నాకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

మగవాళ్ళ పేర్లు గడగడా చెప్పాను. ఏటేటా పెత్రమాస రోజు పోయిన పెద్దల పేరున అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చేటప్పుడు చెప్పే పేర్లే కదా. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మా అత్త బాలమ్మ పేరు ఒక్కటే వచ్చింది. అదీ రేషన్ కార్డు మీద ఉంది కాబట్టి. మా అత్తకు అత్త ఎవరు, ఆ అత్తకు అత్త ఎవరు, మా అత్తను కన్నతల్లి ఎవరు? ముగ్గురు ఉన్నారు. ముగ్గురినీ పిలిచిన పిలుపులు తెలుసు. చేవెళ్లామె, షాద్‌నగరామె, మొయినాబాదామె. మన ఇండ్లల్లో కోడలిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు కారు బిడ్డా. ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరు. నేను ఇప్పటికీ మన గల్లీ ముసలివాళ్ళకు శంకర్‌పల్లామెనే. పెత్రమాసకు కూడా ఆడవాళ్ళందరినీ కలిపి 'అవ్వలు' అని ఒక చాట బియ్యం ఇచ్చేవాళ్ళం.

అబ్బాయి తన బిళ్ళ వైపు ఒకసారి చూసుకున్నాడు. మాకూ అలాగేనండి, కాకపోతే రెండేళ్ళే అన్నాడు. అని, ఆ మూడు ఖాళీ గడుల గీతల మీద మళ్ళీ మళ్ళీ పెన్సిలుతో దిద్దడం మొదలుపెట్టాడు. గీతలు నల్లగా అయ్యాయి. లోపల మాత్రం తెలుపే.

పది రోజుల్లో వేరే ఊరికి పంపేస్తున్నారని సుజాత అప్పుడు చెప్పింది. ఇరవై నెలలు అయిందట అతను ఇల్లు విడిచి. అతని చేతి మీదుగా ఒక్కరూ నీళ్ళలోకి దిగలేదట, సుజాత కూడా అతను రాకముందే మునిగింది. కార్వాన్‌లో ఒక కుటుంబం సరే అని, అన్నీ సిద్ధమయ్యాక, ఆ పొద్దున్నే వద్దని చెప్పిందట. అతను ఆ మాటకు తల ఎత్తలేదు. దిద్దుతూనే, ఎవరితోనో కాదు, కాగితంతో అన్నట్టు అన్నాడు: "ఇదొక్కటైనా నిండితే బాగుండునండి."

పదకొండు బర్రెలను మా అత్త పేరు పెట్టి పిలిచేది. తెల్లారితే పిలుపు, పాలు పిండేటప్పుడు పిలుపు, గడ్డి వేసేటప్పుడు పిలుపు. గంగా, గౌరీ, రాజీ. అవి వచ్చాయి నా నోటికి. చివర 'అమ్మ' తగిలించాను.

"ఆగు బిడ్డా, యాదికొస్తున్నది. రాస్కో. గంగమ్మ. గౌరమ్మ. రాజమ్మ."

రాసుకున్నాడు. అక్షరం అక్షరం అడిగి, ముత్యాల్లా రాసుకున్నాడు. వాళ్ళు ఎలా ఉండేవాళ్ళని మా పెద్దవాళ్ళు ఏమైనా చెప్పేవాళ్ళా అని అడిగాడు. ఒక అబద్ధం చెప్పాక రెండోది మెట్ల మీద బంతిలాగా దానంతట అదే దిగుతుంది. గంగమ్మ నెమ్మది మనిషి అన్నాను. గౌరమ్మకు కోపమెక్కువ, దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు అన్నాను. అవి తన్నడం, కుమ్మడం తప్ప ఉన్నదంతా చెప్పాను. అప్పుడు నవ్వాడు. ఆ రోజే చూశాను, పై పళ్ళలో ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉంది. ఇరవై నెలల అలసట ఒక్కసారి దిగిపోయినట్టు, వెళ్ళేటప్పుడు బూట్ల తాళ్ళు కూడా నిలబడే కట్టుకున్నాడు.

పిల్లవాడికి సంతోషం ఇచ్చాననుకున్నాను. దారి అడిగినవాళ్ళకు తెలియకపోయినా ఏదో ఒక వైపు చెయ్యి చూపిస్తాం చూడండి, ఉత్తచేతులతో పంపలేక. అలాంటిదే అనుకున్నాను.

మూడు రోజుల తరవాత సుజాత తల దువ్వుకుంటూ, ఆ కాగితం ఎందుకో చెప్పింది. వాళ్ళకు పెద్ద గుడి ఒకటి ఉంటుంది, మన దేశంలో కాదు. అక్కడ బతికున్న ఆడపిల్ల ఒకతె, చనిపోయిన ఆమె పేరు చెప్పించుకుని, ఆమె తరఫున నీళ్ళలో మునుగుతుంది. ఆ మునక పోయినవాళ్ళకు చెందుతుంది. తీసుకోవడం, తీసుకోకపోవడం వాళ్ళ ఇష్టం. ఒక్కొక్క పేరుకు ఒక మునక.

ఆ మునక సంగతి నాకు తెలుసు. కృష్ణా పుష్కరాలకు వెళ్ళినప్పుడు మా నాన్న పేరు చెప్పి ఒకసారి, అమ్మ పేరు చెప్పి ఒకసారి, నడవలేక ఇంట్లో ఉండిపోయిన మీ తాత చెల్లెలి పేరు చెప్పి ఒకసారి మునిగాను. ఒక్కొక్కరి పేరు తలుచుకుని ముక్కు పట్టుకున్నప్పుడు, నీళ్ళ కింద ఆ మనిషి ఒక్కరే ఉంటారు మనతో. ఉత్తుత్తికి మునగరు ఎవరూ. ఇప్పుడు మనకు తెలియని దేశంలో, మనకు తెలియని ఒక పిల్ల, ఊపిరి బిగబట్టి, మా గౌరి బర్రె పేరు మీద మునుగుతుంది. నిజంగా ఉండి, ఇంటెడు చాకిరి చేసి పోయిన ముగ్గురు ఆడవాళ్ళు ఒడ్డునే నిలబడి ఉంటారు.

చెబితే ఆ అబ్బాయికి మిగిలిన ఒక్క పని చెడిపోతుంది. చెప్పకపోతే ఇలా. ఆరు రోజులు ఇదే ఆలోచన. కూరలో రెండుసార్లు ఉప్పు వేశాను.

వెళ్ళే ముందురోజు వచ్చాడు, తమిళ పిల్లవాడితో. సుజాత ఇంకా పని నుంచి రాలేదు. నేను ఒక్కదాన్నే ఉన్నానని లోపలికి రాలేదు, బయట మెట్ల మీద కూర్చున్నారు. నేను గడపలో కూర్చున్నాను. కాగితం చుట్టి రబ్బరు బ్యాండ్ వేసి తెచ్చాడు. మర్నాడు పెద్దవాళ్ళ చేతికి ఇస్తాడట, దానికి ముందు నాకు ఒకసారి చదివి వినిపించడానికి వచ్చాడట, తప్పులుంటే దిద్దుకోవచ్చని. మజ్జిగ ఇచ్చాను. ప్రార్థన అయ్యేదాకా ఆగాను.

"బిడ్డా, ఆ మూడు పేర్లు కొట్టెయ్. అవి మా బర్రెల పేర్లు. ఆ అవ్వల పేర్లు నాకు తెల్వవు."

తమిళ పిల్లవాడు ఏమిటని ఇంగ్లీషులో అడిగాడు. ఇతను చెప్పాడు. వాడు నవ్వేసి, ఇతని మొహం చూసి ఆపేశాడు.

"ఎందుకలా చెప్పారండి?" అన్నాడు.

"నీ మొహం చూడలేక."

గ్లాసు కింద పెట్టాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"మామ్మగారూ, పొద్దున లేచింది మొదలు నేను లేదు అనే మాటే వింటానండి. వద్దంటారు. రేపు రమ్మంటారు. ఇంట్లో ఉండే లేమంటారు. మీరూ తెలీదంటే ఇంకొకటి అయ్యేది, అంతేనండి. దానికి నేను పడిపోయేవాడిని కాదు. ఈ ఊళ్ళో నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పేది మీరొక్కరే అనుకున్నానండి."

అలసిపోయినవాడు పడిపోతాడేమో అని నేను పట్టుకున్నాననుకున్నాను. అతను పడిపోయే మనిషి కాడు. అలసిపోయి కూడా నడిచే మనిషి. రెండింటికీ తేడా నాకు అప్పటిదాకా తెలియదు. వాడిని చిన్నవాడిని చేశాను, అంతే.

కాసేపు మెట్టు మీది పెచ్చును గోటితో గీకుతూ కూర్చున్నాడు. తరవాత రబ్బరు బ్యాండ్ తీసి, కాగితం మోకాళ్ళ మీద పరిచి, మూడు పేర్లూ రబ్బరుతో చెరిపాడు. పేర్లు పోయాయి, గుంటలు మిగిలాయి. అంత గట్టిగా నొక్కి రాసుకున్నాడు మరి. ఆ ఊళ్ళ పిలుపులైనా నిజమేనా అని అడిగాడు. నిజమే అన్నాను. గడుల బయట, అంచున, చిన్న అక్షరాలతో చేవెళ్ల, షాద్‌నగర్, మొయినాబాద్ అని రాసుకున్నాడు. అవి ఊళ్ళండి, పేర్లు కావు, వీటితో పంపడం కుదరదేమో అన్నాడు. నన్ను తప్పు పట్టినట్టు కాదు, తనలో తను లెక్క చూసుకున్నట్టు.

అప్పుడు పుష్కరాల సంగతి చెప్పాను. నీళ్ళ కింద మనం తలుచుకున్న మనిషి ఒక్కరే మనతో ఉంటారని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, ఈసారి కళ్ళలో నిద్ర లేదు. విన్నాడు కదా అని, ఆరు రోజులుగా నన్ను తినేస్తున్నది అడిగేశాను. దేవుడి పాఠాలు చెప్పడానికి వచ్చినవాడిని దేవుడి సంగతి నేను అడిగింది అదొక్కటే.

చాలాసేపు ఆలోచించాడు. తమిళ పిల్లవాడు గడియారం చూపించినా లేవలేదు. ఏదో ఒకటి చెప్పి నన్ను సంతోషపెట్టవచ్చు. చెప్పలేదు.

"తెలీదండి," అన్నాడు. "మా పెద్దవాళ్ళని అడిగి చెప్తానండి."

బూట్లు వేసుకున్నాడు. చేతులు కట్టుకుని నాకోసం చిన్న ప్రార్థన చేశాడు, నేను దండం పెట్టుకుని నిలబడ్డాను. గల్లీ మలుపు దాకా చూశాను, ఆ ఒరిగిన మడమతోనే వెళ్ళాడు.

ఆ సాయంత్రమే సుజాతకు ఉన్నదంతా చెప్పేశాను. ముందు నవ్వింది, తరవాత కళ్ళు తుడుచుకుంది. ఆ గడులు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయట. ఆమెకు పెళ్ళయి నిజామాబాద్ వెళ్ళింది. అబ్బాయికి రెండేళ్ళు నిండి ఇంటికి వెళ్ళిపోయాడని మాత్రం ఒకసారి ఫోన్లో చెప్పింది. ఇప్పుడు సొంత పేరుతో ఎక్కడో ఏదో పని చేసుకుంటూ ఉంటాడు. మరిచిపోయాడని నేను అనుకోను. అడిగే ఉంటాడు. ఆ పెద్దవాళ్ళు కూడా తెలియదనే అని ఉంటారు, అది చెప్పడానికి కాకినాడ నుంచి ఎవరు వస్తారు.

నేను అడిగింది ఇంతే బిడ్డా: "పేరు తెల్వని మనిషి కోసం మునిగితే, ఆ మునక ఆమెకు అందుతదా?"